ఆ ఆదివారం లేత్ మెషీన్ తిరగలేదు

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడు కలిగిందనీ చెప్పను. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కింద మెయింటెనెన్స్ పని చేస్తూ ఇన్నేళ్లు గడిపినవాణ్ణి. మెషీన్ ఆగిందంటే ఏదో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఎంత వెతికినా దొరకనిది నా మటుకు ఒక్కటే. అది మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, పట్టపగలు జరిగింది.

మాది బర్మామైన్స్, ఆ ప్లాంటు పక్క బస్తీ. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో సొంతంగా, ఇనుముని తిప్పుతూ చెక్కే లేత్ ఒకటి పెట్టుకోవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఏటి అవతల ఆదిత్యపూర్‌లో మా వైపు మనిషే ఒకాయన చిన్న వర్క్‌షాపు నడిపేవాడు. ఆయన పోయాక షాపు మూతపడింది. ఆయన భార్యని మేమంతా పెద్దమ్మ అంటాం. ఆయన చేత్తో నడిపిన మెషీన్‌ని తుక్కులో వేయడానికి మనసొప్పక ఆవిడ నాకు కబురు పెట్టింది. టెంపోలో ఎక్కించి, ఖర్కాయి నది దాటించి ఇంటికి తెచ్చుకున్నాను.

మా ఆవిడ నాగమణి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటండి ఇది, నడుత్తాదా?" అంది.

అడగడంలో తప్పులేదు. ఒళ్లంతా తుప్పు. ఇనుప ముక్కని పట్టి తిప్పే చక్ దగ్గర, కింద పట్టాల్లాంటి బెడ్ అరిగిపోయి ఉంది. హ్యాండిల్ సగం చుట్టు తిప్పినా చెక్కే టూలు కదిలేది కాదు. పట్టేసిన నట్లని కిరసనాయిల్లో నానబెట్టి విప్పాను. బేరింగులు మార్చాను, కొత్త బెల్టు వేశాను. ఆ వానాకాలం ఆదివారాలన్నీ దానికే పోయాయి. మొదట్లో విసుక్కున్న నాగమణి, పాత రంగు గీకితే కింద మెరిసిన ఇనుము చూసి, తనూ ఒక బ్రష్షు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం పొద్దున మొదటిసారి ఆన్ చేశాను. చక్ నున్నగా, చప్పుడు లేకుండా తిరిగింది. ఇద్దరం చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. భోజనాలయ్యాక గేర్లు కూడా శుభ్రం చేసేద్దామని మళ్లీ షెడ్డులోకి వెళ్లాం.

మెషీన్ ఎడమ చివర మూత తీస్తే గేర్లు కనిపిస్తాయి. నాగమణి చిన్న పీట వేసుకుని వాటి పాత గ్రీజు గీకుతోంది. కిరసనాయిలు వాసన తనకి పడదు. అందుకని కొంగు ముక్కుకి అడ్డం పెట్టి, మెడ చుట్టూ తిప్పి కట్టుకుంది. గేర్ల పళ్లన్నీ బ్రష్షుకి అందేలా నేను చక్‌ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతున్నాను. బరువుగా తిరిగింది. బెల్టు ఉంటేనే ఆ బరువు తెలుస్తుంది, ఎందుకంటే కింద ఉన్న మోటారు కూడా దాంతోపాటు తిరగాలి. అంటే అప్పటికి బెల్టు ఉండాల్సిన చోటే ఉంది.

"అయిపోనాది, ఇక సూడండి" అంది నాగమణి.

"పక్కకి జరుగు" అన్నాను.

"ఆఁ" అంది. నేను చక్ వైపే చూస్తూ పచ్చ బటన్ నొక్కాను.

మోటారు గుయ్యిమంది. చక్ కదల్లేదు.

అదే క్షణంలో "ఏమండీ!" అని కేక. ఎర్ర బటన్ నొక్కి అటు పరిగెత్తాను. నాగమణి లేవబోతోంది గానీ లేవలేకపోతోంది. కొంగు అంచు రెండు గేర్ల మధ్య ఇరుక్కుని ఉంది. నేను చేత్తో తిప్పినప్పుడే పళ్లు పట్టేసి ఉంటాయి, ఇద్దరం చూసుకోలేదు. మిగతా కొంగంతా తన మెడకే ఉంది.

ఆ గేర్లు తిరిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. గోడకి తగిలించిన కత్తెర అందుకున్నాను గానీ, ఎక్కడ కోయాలో తెలీక తడబడ్డాను. తనే నా చేతిలోంచి తీసుకుని కొంగు కత్తిరించుకుంది.

ఇద్దరం నేలమీదే కూలబడ్డాం. తన మెడ మళ్లీ మళ్లీ తడిమి చూశాను. చిన్న గీత కూడా లేదు. నాకు ఏడుపు ఆగలేదు. "నాకేటీ అవనేదు కదా, ఊరుకోండి" అని తనే నన్ను ఓదార్చింది.

కాస్త తేరుకున్నాక కింద బెల్టు ఉండే అర చూశాను. దాని తలుపుకి గడియ వేసినట్టే ఉంది. తెరిస్తే లోపల బెల్టు లేదు. అది మెషీన్ కుడి చివర, చేత్తో తిప్పే చక్రానికి తగిలించి ఉంది. ఎక్కడా తెగలేదు, చిట్లలేదు. భోజనం చేసి రాగానే నాగమణి ఆ చక్రానికి నూనె రాసింది. అప్పుడు దాని మీద ఏమీ లేదు.

మోటారు బోల్టులు నేను బిగించినట్టే ఉన్నాయి. వాటిని వదులు చేస్తేగానీ ఆ బెల్టు ఊడి రాదు. షెడ్డులో మేం తప్ప ఎవరూ లేరు. మా చెల్లెలి భర్త వచ్చి, "నువ్వే తీసి మరిసిపోనావేమో బావా" అన్నాడు. మరి చక్ బరువుగా ఎలా తిరిగిందని అడిగితే, వంగి బోల్టులు ఒక్కొక్కటీ లాగి చూశాడు. బెల్టు మళ్లీ ఎక్కించి, బోల్టులు ముట్టుకోకుండా తీయాలని ఇద్దరం ఎన్ని రకాలుగానో చూశాం. రాలేదు.

తర్వాత వారం ఆదిత్యపూర్ వెళ్లి పెద్దమ్మకి జరిగిందంతా చెప్పాను. నిజం చెప్పాలంటే ఒక జవాబు ఆశించే వెళ్లాను. ఆయన రోజూ పని అయ్యాక బెల్టు తీసి ఆ చక్రానికే తగిలించేవాడని ఆవిడ అంటే, భయమేసినా ఏదో ఒకటి అర్థమైనట్టుండేది.

ఆవిడ నవ్వేసింది. "ఆ మనిసికి అంత ఓపికేది బాబూ? అన్నం సల్లారిపోతన్నా మిసను ఆపీవోడు కాదు." కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది, "మీ ఆవిడ బాగుందా?"

"బాగుంది పెద్దమ్మా."

"అయితే నీకింకేటి కావాల? టీ తాగి ఇంటికెల్లు."

లేత్ ఇప్పుడు బాగా నడుస్తోంది. గేర్ల మూత వేయకుండా బటన్ మీద చెయ్యి పెట్టను. ఆ బెల్టు ఎవరు తీశారో, ఎలా తీశారో ఈ రోజుకీ చెప్పలేను.

ఆ రోజు ఆదిత్యపూర్ నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు నాగమణి కూరగాయల బండివాడితో పోట్లాడుతోంది. "అరే భయ్యా, ఠీక్ సే తౌలో!" అని సరిగ్గా తూచమంటున్న తన గొంతు సందు మొదట్లోకే వినిపించింది. నేను వెంటనే ఇంట్లోకి వెళ్లలేదు. అక్కడే గోడకి ఆనుకుని నిలబడి, ఆ పోట్లాట అయ్యేదాకా విన్నాను.