పరిగె కాయలతో కొన్న పాటల పెట్టె

మొన్న నరసరావుపేటలో మా మనవరాలు తన మూడేళ్ళ కూతురికి పాటలు వినిపించే పెట్టె ఒకటి కొన్నది. కొనేముందు పది పదిహేను రోజులు ఆ ఇంట్లో వేరే మాట లేదు. తెర ఉన్నది వద్దు, కళ్ళు పోతాయట. శబ్దం ఒక హద్దు దాటకూడదు, చెవులు పోతాయట. మూలలు గుండ్రంగా ఉండాలట, నోట్లో పెట్టుకున్నా హాని చెయ్యని ప్లాస్టిక్ అయి ఉండాలట. ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాసిన అభిప్రాయాలన్నీ ఫోనులో చదివారు, స్నేహితుల్ని అడిగారు, పిల్లల డాక్టరుగారిని అడిగారు, చివరికి నన్ను కూడా అడిగారు. ఆ పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. సరే, పెట్టె వచ్చింది, పసుపురంగులో ముద్దుగానే ఉంది, రెండు పాటలు మోగించారు, పాప దాని కోసం రెండు చేతులూ చాచేసరికి మా మనవరాలి భర్త దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టాడు. పాడు చేస్తుందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనభై దాటిన మనిషికి అంత కోపం మంచిది కాదని మావాళ్ళు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. వాళ్ళకేం తెలుసు, ఆ కోపం ఆ పూట పుట్టింది కాదు, అరవై ఏళ్ళ పైనుంచి నాలో ఉన్నది. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా మా పల్నాటి వైపు చిన్న బళ్ళలో పంతులమ్మలుగా పనిచేసిన వాళ్ళు చదివితే, నాది అతి కాదని వాళ్ళే ఒప్పుకుంటారు.

అరవైల మొదట్లో, ట్రెయినింగు ముగించుకుని, రొంపిచెర్లకు కొంచెం ఎడంగా ఉన్న ఒక ఊళ్ళో మిషను బడిలో చేరాను. తాటాకు కప్పు, మట్టి గోడలు, ఒక హెడ్మాస్టారు, నేను. పెద్ద తరగతులు ఆయనవి, ముక్కులు చీదుకునే పసివాళ్ళంతా నా వంతు. ఊరి చివర పల్లెలోని కూలీల పిల్లలు, ఊళ్ళో చిన్న రైతుల పిల్లలు కలిపి నలభైమంది దాకా ఉండేవాళ్ళు. పసిపిల్లలకు పాటలతో చదువు చెప్పాలని ట్రెయినింగులో మరీ మరీ చెప్పి పంపారు గాని, దేవుడు నాకిచ్చిన గొంతు పాటకిచ్చింది కాదు. చర్చిలో నేను కీర్తన ఎత్తుకుంటే మా అమ్మ మోచేత్తో పొడిచేది. బళ్ళో పాడితే పిల్లలు మొదట భయపడ్డారు, తరవాత నవ్వారు, ఆ తరవాత ఒక గడుగ్గాయి పిల్ల జాలిపడి, "నువ్వు పాడమాక టీచరమ్మా, కథ చెప్పు చాలు" అన్నది.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒక పెళ్ళింట్లో గ్రామఫోను పెట్టె తెచ్చి పెట్టారు. మా పిల్లలు కంచె పట్టుకుని నిలబడి విన్నారు, కాసేపటికి ఎవరో పెద్దమనిషి కర్ర పుచ్చుకుని తరిమాడు. మరునాడు బళ్ళో అందరూ ఒక్కటే అడిగారు, మనకొకటి కొనుక్కుందామని. నవ్వొచ్చింది నాకు. వాళ్ళు మాత్రం నవ్వలేదు. వేరుశనగ పీకుతున్న రోజులవి, పరిగె ఏరి కొంటామన్నారు.

పరిగె అంటే మా వైపు చెప్పనక్కర్లేదు గాని ఇప్పటివాళ్ళ కోసం చెబుతాను. పంట ఇంటికి చేరాక చేలో రాలినదీ, మట్టిలో మిగిలినదీ ఎవరు ఏరుకుంటే వాళ్ళది. ఆసామి ఎంత పిసినారి అయినా సరే, పరిగె ఏరుకున్న వాళ్ళ ఒళ్ళో చెయ్యి పెట్టడు. పెడితే ఊళ్ళో తలెత్తుకోలేడు. ఏ కాగితం మీదా రాయకపోయినా మా నేలలో అందరూ పాటించిన కట్టుబాటు అది. మా పిల్లలు బడి వదలగానే పుల్లలు పుచ్చుకుని చేలమీద పడేవాళ్ళు. గట్టిపడిన నేలను గీకి, ఒక్కో కాయా లాగి, లాగులో, పావడాలో పోసుకుని తెచ్చి బడి మూలనున్న గోతాంలో పోసేవాళ్ళు. ఒక్క కాయ నోట్లో వేసుకున్న వాణ్ణి మిగతా వాళ్ళు పట్టి నాకు అప్పగించేవాళ్ళు. ఆకలి ముఖాలు వాళ్ళవి. చివరికి ఆ కాయలు అమ్మగా వచ్చిందానికి హెడ్మాస్టారు కొంత, ఊరి ప్రెసిడెంటుగారు కొంత కలిపారు. ఆ కలపడంలోనే మాకు మూడిందని అప్పుడు తెలియలేదు.

నరసరావుపేటకు బస్సులో హెడ్మాస్టారు, నేను వెళ్ళాం. ఆయన మనసు రేడియో మీద ఉంది, వార్తలు వస్తాయి, ఊరికి గౌరవం అన్నారు. నేను ససేమిరా అన్నాను. పసిపిల్ల పాట వినగానే అనే మొదటి మాట "మళ్ళీ" అని. రేడియో ఎవరడిగినా మళ్ళీ పాడదు, తన పాట తాను పాడుకుపోతుంది. గ్రామఫోను అయితే కీ తిప్పినన్ని సార్లు పాడుతుంది. కొట్టువాడు పెద్ద తామరపువ్వులాంటి గొట్టం ఉన్నది ముందు పెట్టాడు, ఇంటికి అందం అన్నాడు. నాకు కావలసింది అందం కాదు. గొట్టం లేని, మూత ఉన్న మామూలు పెట్టె అడిగి, నేలమీద పెట్టించి, ఐదేళ్ళ పిల్ల ఎత్తుకి నేనే గొంతుక్కూర్చుని పసివాళ్ళ బలానికి తిరుగుతుందో లేదోనని రెండే వేళ్ళతో కీ తిప్పి చూశాను. కొట్లో వాళ్ళంతా నన్ను వింతగా చూశారు, హెడ్మాస్టారు సిగ్గుతో వీధివైపు తిరిగి నిలబడ్డారు. నాకు మాత్రం అది నా ఉద్యోగం మొత్తంలో చేసిన తెలివైన పనుల్లో ఒకటిగా తోస్తుంది. రికార్డులు చూడబోతే అన్నీ నాటకాల పద్యాలు, సినిమా పాటలు. వెతికించగా వెతికించగా పిల్లలకు తగినవి నాలుగు దొరికాయి. ఒకటి రైలు పాట, ఒకటి జోలపాట, ఒకటి చిలక మీద, ఒకటి అంకెల మీద.

బళ్ళో ఆ పెట్టె వారం రోజులు ఉన్నది. కీ తిప్పే వంతు కోసం వరస కట్టారు, రికార్డు మీద ఆనే ముల్లు మార్చడం నేర్చుకున్నారు, రికార్డుని అంచులు పట్టి ఎత్తాలంటే అలాగే ఎత్తారు. నడికుడి దాకా వెళ్ళి రైలు చూసి వచ్చిన ఒక పిల్లవాడు రైలు పాట వచ్చినప్పుడల్లా తానే డ్రైవరునని లేచి నిలబడేవాడు. ఒక్క గీత పడలేదు. నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఒక్క గీత పడలేదు.

వారం తిరిగాక క్రిస్మస్ సెలవులిచ్చారు. తాటాకు బడి, నిప్పు భయం, ఎలకల భయం, భద్రంగా ఉంటుందని ప్రెసిడెంటుగారు పెట్టెను ఇంటికి తెప్పించుకున్నారు. సెలవులయ్యాయి, పెట్టె రాలేదు. హెడ్మాస్టారిని అడిగితే బళ్ళో ఉంటే పిల్లలు నలిపేస్తారు, పెద్ద ఇంట్లో ఉంటే మనకే మంచిది అన్నారు. తరవాత తెలిసింది, ఆ ఇంటి సావిట్లో వచ్చేపోయే చుట్టాల కోసం అది రోజూ నాటకాల పద్యాలు పాడుతోందని. పద్యాల రికార్డులు ఆయన వేరే కొనుక్కున్నారు. మా పిల్లల నాలుగు రికార్డులూ ఎవరికీ అక్కర్లేక ట్రంకుపెట్టెలో పడేసి అటకెక్కించారు. కంచే చేను మేసిందంటే ఇంకెట్లా ఉంటుంది? సాయంత్రాలు మా పిల్లలు ఆ ఇంటి ముందు వీధిలో నిలబడి, తమ పెట్టె ఎవరికోసమో పాడుతుంటే విని వచ్చేవాళ్ళు. అరుగు దాకా రానిచ్చేవాళ్ళు కాదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. నేను నోరు మెదపలేదు. కొత్త ఉద్యోగం, ఊరి పెద్ద, హెడ్మాస్టారు ఆయన మాటకు జీ హుజూర్ అనే మనిషి. "టీచరమ్మా, మా పెట్టె ఎప్పుడొస్తది" అని పిల్లలు అడిగినప్పుడల్లా రేపు, ఎల్లుండి అని బొంకాను. సంక్రాంతి పోయింది, వేసవి సెలవులు వచ్చిపోయాయి. ఈ కథలో నాకు అందరికంటే ఎక్కువ కోపం వచ్చేది ఆ ఆరు నెలల నా మీదే.

బళ్ళు తెరిచిన వారానికి, నాకు పాడవద్దని సలహా ఇచ్చిన ఆ పిల్లే నా దగ్గరికి వచ్చి, ఈసారి పరిగె ఏరాక గోతాం ఎక్కడ దాచాలని అడిగింది. ఇంకో పెట్టె కొనుక్కుంటారట, ఈసారి పెద్దవాళ్ళకి చెప్పరట. నా చెంప మీద కొట్టినట్టయింది. అప్పటికప్పుడు నలభైమందినీ వరసలో నిలబెట్టి, పలకలు పట్టించి, నడిపించుకుంటూ వెళ్ళి ప్రెసిడెంటుగారి ఇంటి ముందు వీధిలో కూర్చోబెట్టి, ఎక్కాలు మొదలుపెట్టించాను. నలభై గొంతులు ఒక్కసారి ఎత్తితే ఎడ్లు బెదిరాయి. హెడ్మాస్టారు పరుగెత్తుకుంటూ వచ్చి ఉద్యోగం పోతుందన్నారు. పోతే గురజాలలో మా నాన్న ఇంటికి పోతానన్నాను.

ముందు బయటికి వచ్చింది ప్రెసిడెంటుగారు కాదు, ఆయన తల్లి. నడుం వంగిన ముసలమ్మ.

"ఏందమ్మా టీచరమ్మా, బడి మా వాకిట్లోకొచ్చిందేంది?"

పెట్టె సంగతంతా చెప్పాను. మిషను, బడి, ప్రెసిడెంటుగారు కలిపిన డబ్బు, ఇవేవీ ఆమె పట్టించుకోలేదు. పరిగె అన్న మాట దగ్గర మాత్రం తలెత్తి, పిల్లల్ని ఎవరి చేలో ఏరారని అడిగింది.

"మీ చేలో కూడా ఏరాం అవ్వా," అన్నది ఆ గడుగ్గాయి. "మీ నేల చానా గట్టి, గోళ్ళు లేచిపోయినయ్."

ముసలమ్మ లోపలికి తిరిగి కొడుకుని కేకేసింది. అంత పెద్దమనిషి, పంచె సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒరేయ్, మీ నాయన పోయిన ఏడు నేను పరిగేరి నిన్ను సాకాన్రా. ఆ ఏడు నా ఒళ్ళో కాయలు ఎవుడన్నా గుంజుకున్నాడా? పిల్లల పరిగె తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావంటే, నేను నలుగుర్లోకి ఎట్టా పోవాల?"

భద్రం కోసమే గదమ్మా అని ఆయన ఏదో గొణిగాడు. అబద్ధం చెప్పాడని నేననను, కొందరు నిజంగానే అలా నమ్ముతారు, తమ చేతిలో ఉంటేనే ఏ వస్తువైనా భద్రమని. పెట్టె బయటికి వచ్చింది. అటక మీది ట్రంకుపెట్టె కూడా దించారు. మూత తీసి చూస్తే నాలుగు రికార్డులూ అంచులు లేచి గిన్నెల్లా వంగిపోయి ఉన్నాయి. మా వైపు ఇళ్ళకు పైకప్పు నాపరాళ్ళే గదా, మే నెల ఎండకి ఆ రాళ్ళ కింద అటక పెనంలా కాలుతుంది. ఆ వేడిలో ఇనప్పెట్టెలో పడి ఉన్నవి వంగక ఏమవుతాయి?

అప్పుడు హెడ్మాస్టారు అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోలేను. "చూశావామ్మా, పిల్లల చేతిలో పెడితే ఇంతే" అన్నారు. ఆ పిల్లలు వాటిని కళ్ళతో చూసి ఆరు నెలలయింది మాస్టారూ అని వీధిలో అందరిముందూ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అయినా నా ఉద్యోగం పోలేదు.

పెట్టె వచ్చింది, పాట లేదు. పిల్లలు ఏడుస్తుంటే, పల్లెలో రాళ్ళు కొట్టే పనిచేసే ఒకతను, రైలు పాటకి డ్రైవరునని లేచే పిల్లవాడి తండ్రి, ఆ రికార్డులు తిప్పి తిప్పి చూశాడు. "ఎండకి వంగింది ఎండకే లొంగుద్ది టీచరమ్మా, కింద చదునుంటే సాలు" అన్నాడు. రెండు నున్నటి నాపరాళ్ళు తెచ్చి, మధ్యన పాతగుడ్డ వేసి, ఒక్కో రికార్డూ వాటి నడుమ పెట్టి బడి ముందు ఎండలో ఉంచాడు. పిల్లలు చుట్టూ కాపలా కూర్చున్నారు. రెండు పగిలిపోయాయి. రైలు పాట నిక్షేపంలా వచ్చింది. జోలపాట దాదాపు చదునైంది గాని ఒక పక్క చిన్న వంపు మిగిలిపోయింది, ముల్లు ఆ చోటికి వచ్చినప్పుడల్లా పాడే ఆమె గొంతు కిందికి దిగి పైకి తేలేది. మా పిల్లలు ఆ జోలపాట ఆ వంపుతోనే నేర్చుకున్నారు. అదే పాట అనుకున్నారు. నేను కూడా అలాగే నేర్చుకున్నాను, నా బతుక్కి వచ్చిన పాట అదొక్కటే. చాలా ఏళ్ళ తరవాత మాచర్ల బస్సులో ఒకామె బిడ్డకి జో కొడుతుంటే సరిగ్గా ఆ చోట ఆమె గొంతు దిగి తేలింది. పేరు అడగకుండానే మా బడి పిల్ల అని తెలిసిపోయింది.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. అంతా విని, పరిగె అంటే ఏమిటమ్మమ్మా అని అడిగింది. ఇప్పుడు చేలల్లో పరిగె ఏరే పిల్లలు లేరు, అందరూ బళ్ళలో ఉన్నారు, అది మంచిదే, దానికి నేను విచారించను. కానీ ఏ వస్తువు ఎవరిదో వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పే అవ్వలు కూడా ఆ పరిగెతోపాటే పోయారు. పెట్టెలు మారాయి, కీలు పోయి మీటలు వచ్చాయి. పిల్లల వస్తువు పెట్టే చోటు మాత్రం ఆనాడు అటక, ఈనాడు ఫ్రిజ్. కాబట్టి ఆ ముసలమ్మ పని నేనే చేశాను. దించరా అన్నాను, మనవరాలి భర్త దించాడు. పాప చేతిలోకి రాగానే కింద పడేసింది, అయినా అది పాడుతూనే ఉంది, మూలలు గుండ్రంగా ఉన్నాయి గదా.

మధ్యాహ్నం పాపని ఒళ్ళో వేసుకుంటే ఆ పెట్టె జోలపాట పాడింది. ఎక్కడా వంపు లేదు, నూనెలా సాగిపోయింది. పాప నిద్రపోలేదు, నాకూ ఏదో వెలితిగా అనిపించింది. మీట నొక్కి ఆపేసి, మా అమ్మ మోచేత్తో పొడిచిన ఆ గొంతుతోనే నేను ఎత్తుకున్నాను. ఆ చోటికి వచ్చేసరికి నా ప్రమేయం లేకుండానే గొంతు కిందికి దిగి పైకి తేలింది. పక్కగదిలో మా మనవరాలు నవ్వడం వినిపించింది. పాప కళ్ళు మూసుకునే ఉంది, నిద్రపోయిందనుకుని ఆపాను.

"మళ్ళీ," అన్నది.