దిబ్బ మీద వెదురు పుల్లలు

తరగతి గది తలుపు తీస్తే ఇంకా పెయింటు వాసన వస్తోంది. గోడకు తగిలించిన బోర్డుది. దాని మీద నీలయ్య తాత పేరుంది. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న ఇసుక దిబ్బ మీద, ఆయన జ్ఞాపకంగా పాతాలని ఊరివాళ్లు రాయించారు. పాతనివ్వకుండా ఇక్కడికి తెచ్చింది నేనే.

ఆ దిబ్బను నాకు మొదట చూపించింది తాతే. అప్పుడు నేను కొత్త సైన్సు టీచరును. గోరంత తెలిస్తే కొండంత చెప్పుకునే రోజులు. చుట్టూ నీళ్లు, మధ్యలో ఒట్టి ఇసుక. సముద్రపు పిట్టలు ఆ ఇసుకలోనే చిన్న గుంటలు చేసి గుడ్లు పెడతాయి. గుడ్లదీ ఇసుక రంగే. లెక్క తప్పకూడదని ఒక్కో గుంట పక్కన ఒక్కో వెదురు పుల్ల గుచ్చుకుంటూ పోయాను. తెప్ప కట్టేసి వచ్చిన తాత చూశారు.

“ఏటమ్మా ఇది?”

“గుర్తులు తాతా. వచ్చే వారం మళ్లీ చూడాలి కదా.”

“నీకు గురుతయితే గద్దకీ గురుతే. పీకియ్యమ్మా.”

పీకలేదు. పక్షుల గురించి పాఠం చెప్పేదాన్ని నేను కదా అనుకున్నాను. వారం తర్వాత వెళితే పుల్లలన్నీ నిలబడే ఉన్నాయి. ఏ పుల్ల పక్కనా గుడ్డు లేదు, పెంకులే. నా కంట పడని గుంటల్లో మాత్రం పిట్టలు పొదుగుతున్నాయి. ఇసుకలో కూలబడి ఏడ్చాను. తాత పుల్లలన్నీ పీకి, మోపు కట్టి, వచ్చి నా పక్కన కూర్చున్నారు.

“నేనూ ఆ దినమే పీకీవలిసింది. సదువుకున్నదానివని ఊరుకున్నాను. తప్పు ఇద్దరిదీనమ్మా.”

తిట్టి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. కాసేపటికి ఆయన గట్టు వైపు చెయ్యి చూపించారు.

“అటు సూడు. లైట్ హౌసు ఆ జంట తాడిసెట్ల మజ్జిని వచ్చిందా? అది మనసులో ఎట్టుకో. సముద్రంలో సేపలున్న సోటు మేం అలాగే గురుతెట్టుకుంతాం. జెండాలు పాతం.”

తిరిగి వస్తుంటే, తాబేలు గుడ్లు పెట్టి పోయిన జాడ కనిపించింది. ఎత్తుకుపోయేవాళ్లకు తెలియకుండా తాత తాటాకుతో దాన్ని నీటిదాకా చెరిపేశారు. వెనక్కి నడుస్తూ తన అడుగులు కూడా చెరిపేశారు.

పోయిన కార్తీకంలో ఆయన పోయారు. పిట్టలు తిరిగి వచ్చాక, బోర్డు తెప్పలోకి ఎక్కించనా అని ఆయన కొడుకు అడిగాడు.

“వద్దు నాయనా. దాని మీద ముందు వాలేది గద్దే.”

అతను తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. “అయ్య ఉంటే అదే అందురు.”

ఒక తాటాకు మాత్రం పట్టుకుని తెప్ప ఎక్కాను. తాత కూర్చున్న చోటు వెతుక్కోనక్కర్లేకపోయింది. లైట్ హౌసు జంట తాటిచెట్ల మధ్యకు వచ్చేదాకా నడిచి, అక్కడ కూర్చున్నాను. వచ్చేటప్పుడు నా అడుగులు చెరిపేసి వచ్చాను.