గుర్రంగారి నడుంనొప్పి

మా శరభయ్య బావ గుర్రంతో సంస్కృతంలో మాట్లాడేవాడు. అదీ సంస్కృతంలోనే జవాబు చెప్పేది. సరే, మరీ అంత కాదు. గుర్రం తెలుగులోనే చెప్పేది.

కనీసం బావ అలా అనేవాడు. డెబ్భై నాలుగులో మా అక్కయ్య పోయింది. ఆ ఏడాదే అమలాపురంలో, జట్కాకి బేరాల్లేక అమ్మేస్తున్న ఒక ముసలి గుర్రాన్ని కొన్నాడు. అప్పట్నుంచీ తన మాటగా ఏదీ అనడం మానేశాడు. పెళ్ళికి పిలిస్తే, "గుర్రంగారు వద్దంటున్నారు." మా ఇంట్లో కాఫీ ఇస్తే, "డికాషన్ పల్చగా ఉందంటున్నారు." గుర్రం వీధిలో ఉంది. కాఫీ వాసనైనా చూడలేదు.

"బావా, నీకు మతి పోయింది."

"వారు ఆ మాట నీ గురించే అంటున్నారోయ్."

మా వీధి చివర కొబ్బరితాడు పేనే సత్తెమ్మ కూతురు పైడమ్మకి పోలియో. తొమ్మిదేళ్ళొచ్చినా గోడకి ఆనుకోనిదే కూర్చోలేదు. ఇలాగే పడుకుని ఉంటే నడుం ఇక ఎప్పటికీ నిలవదని డాక్టరు చెప్పేశాడు. గుర్రమెక్కిస్తే నడుం గట్టిపడుతుందని నేనెక్కడో ఇంగ్లీషు పత్రికలో చదివి సత్తెమ్మతో అన్నాను.

"ఎక్కదండి బాబూ. జనం జాలిగా చూత్తారని గుమ్మమే దాటదండి."

పక్కనే బావ విననట్టు గుర్రం జూలు దువ్వుతున్నాడు. మర్నాడు ముసురులో తడుస్తూ, గుర్రాన్నీ నన్నూ వెంటబెట్టుకుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"పైడమ్మా, గుర్రంగారికి నడుం పట్టేసింది. తేలికైన మనిషి వీపు మీద కూర్చుంటేగాని తగ్గదంటున్నారు. మా బావమరిది కూర్చుంటానన్నాడు. వీణ్ణి చూసే నొప్పి ఎక్కువైంది."

గోడవైపు పడుకున్న పిల్ల ఇటు తిరిగింది. "బాగా నొప్పాండి?"

"రాత్రంతా మూలిగేరు."

ఎక్కింది. చెరోపక్కా సత్తెమ్మా నేనూ పట్టుకుని, రోజూ బురదలో కాలవగట్టంతా తిప్పేవాళ్ళం.

"తగ్గిందాండి?"

"ఇంకా లేదంటున్నారు. నువ్వు వంగితే పోటెత్తుతోందట."

పిల్ల పళ్ళు బిగించి నిటారుగా కూర్చునేది. ఎవరైనా, "ఏంటే, సవారీయా?" అంటే, "కాదండి, వైద్యం," అని గంభీరంగా చెప్పేది.

మరుసటి వానాకాలానికి మేం చేతులు వదిలేసినా నిటారుగా కూర్చునేది. లేచి పరిగెత్తిందని కోతలు కోయను. చంకకర్రలతో బడికి మాత్రం ఒక్కతే వెళ్ళింది. ఆ చలికాలమే గుర్రం పోయింది. బావ చాన్నాళ్ళు నోరు విప్పలేదు. ఆయన తరఫున మాట్లాడేవారు లేకపోయారు.

ఓసారి రావులపాలెం బస్టాండులో ఈ కథంతా పదిమందికీ చెబుతున్నాను. పక్కనే ఉన్న బావ దిగ్గున లేచాడు.

"ఒట్టి అబద్ధమండీ! వీడివన్నీ ఇంగ్లీషు పత్రికల కోతలు. నేనెవరికీ ఏ వైద్యమూ చెయ్యలేదు. చేసింది ఆ పిల్ల. మాకు తగ్గింది."