నాలుగో గడిల టిక్కు

నా చేతిరాత బాగుంటదని చిన్నప్పటి నుంచీ అందరూ అంటరు. బోనకల్ బడిల పంతులు నా నోటుబుక్కు తీసుకపోయి పక్క క్లాసుల చూపించేటోడు. ఇప్పుడు ఆ చేతిరాత చూస్తే నాకే ఒళ్ళు మండుతది. మా అక్క ఇల్లు దానివల్లనే పోయింది. ఎవరో మోసం చేసి రాయించుకున్నది కాదు. కూసొని, కళ్ళద్దాలు పెట్టుకొని, నీలం సిరాతోటి నేనే రాసిన.

మా అక్కది భద్రాచలంల గుడి పక్క పాత వీధి. ముందు రెండు గదులు, వాటి ముంగట పొడుగు అరుగు, వెనక వంటిల్లు. బావ పోయినప్పటి నుంచి ఆమె బతుకంత ఆ రెండు గదుల మీదనే. దర్శనానికి వచ్చేటోళ్ళు వాటిల్ల దిగేది. బోనకల్ల చిన్న బడి అయినంక అక్క నన్ను తెచ్చుకొని సాకింది, నేను డిగ్రీ చదివింది కూడ ఆ గదుల పుణ్యాననే. పొద్దున కాలేజీకి పోయేముందు ఏదో ఒక ఊరోళ్ళ చాపలు చుట్టిపెట్టి పోయేటోన్ని.

దిగేది అన్న గానీ ఆ మాట మా వీధిల ఎవరూ అనరు. మొదటిసారి వచ్చినోళ్ళు గడప ముంగట నిలబడి, అమ్మా, రెండు రోజులు జాగ ఇస్తరా అని అడుగుతరు. రెండోసారి అడిగేది లేదు, అక్కా వచ్చినం అనుకుంట లోపలికే వస్తరు. మూడోసారికి అది వాళ్ళ ఇల్లే. పెనుబల్లి దిక్కు రైతులు బియ్యం, పప్పు కట్టుకొని వచ్చేది, అక్క వండి పెట్టేది. పోయేనాడు దేవుని పటం ముంగటి పళ్ళెంల తమలపాకు కింద ఇంత పెట్టి పోయేటోళ్ళు. ఎంత పెట్టిన్రో అక్క వాళ్ళ ముంగట చూడకపోయేది. చూస్తే మర్యాద కాదు.

ములకలపల్లి అవతలి అడవి ఊర్ల ఆడోళ్ళు అరుగు మీదనే పండేటోళ్ళు. వాళ్ళు పళ్ళెంల ఏం పెట్టకపోయేది. చింతపండో, కొండచీపుర్లో, ఒక సీసా తేనెనో ఇచ్చేది. వాళ్ళల్ల వాళ్ళు వాళ్ళ భాషల మాట్లాడుకుంటే అక్కకు సగం అర్థమయ్యేది, సగం కాకపోయేది, మొత్తానికి అందరూ కలిసి నవ్వేటోళ్ళు. వాళ్ళందరి ఇండ్లల్ల పెళ్ళిళ్ళకు అక్కకు పిలుపు వచ్చేది. నవమికి రాలేనోళ్ళ కోసం ఆమె కల్యాణం తలంబ్రాలు పొట్లాలు కట్టి అటక మీద దాచేది. పొట్లాల మీద పేర్లు రాసేది నేనే, చేతిరాత బాగుంటదని.

వీధిల సగం ఇండ్లు గిట్లనే బతికినయ్. దానికి బోర్డు లేదు, రశీదు లేదు, రేటు లేదు.

నేను ఖమ్మంల డిగ్రీ కాలేజీల కాంట్రాక్టు లెక్చరర్ని. చెప్పేది కామర్సు. టూరిజం అని కొత్త పేపరు వస్తే ఎవరూ తీసుకోలే. కాదనలేనోడు ఎవడని చూసి నా నెత్తిన పెట్టిన్రు. దాంట్ల ఒక పాఠం ఉన్నది. ఏ ఊరికైనా బయటి జనం రావుడు మెట్లు మెట్లుగ సాగుతదట. మొదట ఎవరో నలుగురు వెతుక్కుంట వస్తరు. తర్వాత ఊరోళ్ళే వాళ్ళకు జాగ ఇస్తరు, అన్నం పెడతరు. అటెనుక బయటి పెట్టుబడి వస్తది, హోటళ్ళు లేస్తయ్. ఒక కాడికి వచ్చినంక పెరుగుడు ఆగుతది. ఆడి నుంచి మళ్ళ లేస్తే లేస్తది, లేకుంటే పడిపోతది. బోర్డు మీద గీత గీసి చూపిస్త. కింద నుంచి ఎక్కుతది, పైన చదునైతది, చివరల రెండుగ చీలుతది. చదునైన కాడ 'స్తబ్ధత' అని రాస్త. పిల్లలు బట్టీ పడతరు. నేను కూడ బట్టీ పట్టే చెప్పిన, దాచుడెందుకు.

ఒకసారి అక్కకు ఆ గీత గీసి చూపిస్తే పడీపడీ నవ్వింది. పాలు పొంగుడు చూస్తే తెలిసేదానికి ఇంత చదువు ఎందుకురా అన్నది. నువ్వు పొయ్యి కాడ ఒక్కనాడన్న నిలబడ్డవా అని కూడ అన్నది.

ఆ యేడు హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెన్సీ మనిషి కాలేజీకి వచ్చిండు. భద్రాచలం ఆ గీత మీద ఏ మెట్టు కాడ ఉన్నదో తేల్చాలె, తేల్చినంక ఊరిని ఎట్ల మార్చాల్నో రిపోర్టు ఇయ్యాలె, అది వాళ్ళ పని. నవమికి వచ్చే జనాన్ని ప్రశ్నలు అడగను పిల్లలు కావాలె, పిల్లల మీద ఒక మనిషి కావాలె. మీరు ఆ ఊర్ల పెరిగినోళ్ళు, మీకంటే ఎవరికి తెలుస్తది సార్ అన్నడు. సర్టిఫికెటు కూడ ఇస్తమన్నడు. పర్మనెంట్ చేసేటప్పుడు అది పనికొస్తదని నాకు ఆశ పుట్టింది. సరే అన్న.

ఫారంల ఏడో ప్రశ్న, ఈ ఊరిలో ఎక్కడ ఉంటున్నారు అని. పక్కన నాలుగు గడులు: హోటల్, లాడ్జి, సత్రం, బంధువుల ఇల్లు. మొదటి మూడిట్ల టిక్కు పెడితే ఎన్ని రోజులు, కిరాయి ఎంత, తిండికి ఎంత అని ఇంకో పేజీ ఉంటది. నాలుగో గడిల పెడితే ఆ పేజీ అంత వదిలేసి కిందికి పోవాలె. చింతపండుకు ఏ గడీ లేదు.

నవమి ముందునాడు గోదారి ఒడ్డున మెట్ల మీద, చలువ పందిళ్ళ కింద, బస్టాండుల పిల్లల్ని నిలబెట్టిన. మధ్యాహ్నానికి ఒక పిల్ల ఫారాల కట్ట పట్టుకొని వచ్చింది. సార్, అందరూ నాలుగో గడే చెప్తున్రు, ఇంతమందికి ఈ ఊర్ల చుట్టాలున్నరా అని అడిగింది. నేను నవ్విన. ఎవరింట్ల ఉన్నరంటే మా అక్క ఇంట్ల అని ఒకడు, మా అత్తమ్మ ఇంట్ల అని ఒకామె చెప్పిన్రు. వాళ్ళేం అబద్ధం చెప్పలే. కిరాయికి దిగినం అంటే పప్పు వండి పెట్టిన మనిషిని చిన్న చేసినట్టు. ఆ సంగతి హైదరాబాదు మనిషికి తెలవదు, ఆ పిల్లకు తెలవదు. నాకు తెలుసు. తెలుసనే కదా నన్ను పెట్టుకున్నది.

సాయంత్రం అక్క ఇంటికి పోయిన. ఇల్లు నిండ జనం, పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది. వీళ్ళు నీకు చుట్టాలు కాదు గదా, గదులు ఇచ్చి బతుకుతున్నవు, ఉన్నదున్నట్టు లాడ్జి గడిల రాస్త అన్న. అక్క గరిటె పక్కన పెట్టింది.

"లాడ్జి అని రాస్తే రేపు లైసెన్సు ఏదని వస్తరు. కరెంటు మీటరు మార్చమంటరు, ఇంకేందో అంటరు. చుట్టాలనే రాయి తమ్మీ. ఏం తప్పు? చుట్టాలే గద."

పక్కింటామె కూడ అదే అన్నది. వీధంత అదే మాట. నేను రెండు మాటలు అన్న, మూడో మాట అనలే. నిజం చెప్పాల్నంటే నా నెత్తి మీది బరువు దిగినట్టయింది. అక్క మాట విన్నట్టు ఉంటది, పని కూడ జల్దీ అయిపోతది. పిల్లలు సందేహంతోటి ఏడో ప్రశ్న ఖాళీగ వదిలిన ఫారాలన్నీ అరుగు మీద కూసొని, నాలుగో గడిల టిక్కు పెట్టి నేనే నింపిన. అక్క పెట్టిన పప్పన్నం తినుకుంటనే నింపిన. తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడు అంటరు చూడు, నేను లెక్కపెట్టి, కాయితం మీదికి ఎక్కించి, కింద సంతకం కూడ పెట్టిన.

వానలు పోయినంక రిపోర్టు వచ్చింది. నున్నటి కాయితం, రంగుల బొమ్మలు. నేను బోర్డు మీద గీసే గీతనే దాంట్ల ఉన్నది. చదునైన కాడ ఎర్ర చుక్క పెట్టి, ఊరు ఇక్కడ ఉన్నదని రాసిన్రు. జనం వస్తున్రు గానీ ఆగుతలేరు. ఆగినోళ్ళు కూడ బంధువుల ఇండ్లల్లనే ఉంటున్రు, ఖర్చు పెడుతలేరు. గుడి పక్క పాత వీధిల వసతి వ్యాపారం అనేదే లేదు. కాబట్టి ఆ వీధిని వెడల్పు చేసి, బండ్లు ఆగే జాగ చేసి, పెద్ద లాడ్జిలు వచ్చేటట్టు చేస్తే ఊరు మళ్ళ లేస్తది, ఉన్న నాలుగు దుకాణాలకు వేరే జాగ ఇస్తే ఎవరి బతుకుదెరువూ చెడదు. గింతే సంగతి. చివరి పేజీల నాకు కృతజ్ఞతలు చెప్పి, నా పేరు ముంగట డాక్టర్ అని పెట్టిన్రు. నేను డాక్టర్ను కాదు. ఆ ఒక్క తప్పు మాత్రం నేను చూడంగనే పట్టిన.

ఊరు ఆగిపోయిందట! పాఠంల రెండో మెట్టు, ఊరోళ్ళు జాగ ఇచ్చి అన్నం పెట్టే మెట్టు, మా అక్క గడప కాడ ఇంకా బతికే ఉన్నది. క్లాసుల నేను పిల్లలకు చెప్పేది పుస్తకంల చదివి. ఇంట్ల నేను పెరిగిందే దాంట్ల. దాన్ని నేనే నాలుగో గడిల పూడ్చిపెట్టిన.

కన్సల్టెన్సీకి ఫోన్ చేసిన. ఆ టిక్కులు తప్పు, వాళ్ళు చుట్టాలు కారు, పళ్ళెంల పైసలు పెట్టి పోతరు అని విడమరిచి చెప్పిన. అవతలి మనిషి మర్యాదగనే విన్నడు. డేటా ఫ్రీజ్ అయిపోయింది, ఇంక మార్చేది లేదు, అన్నిటి మీద మీ సంతకమే ఉన్నది గద సార్ అన్నడు. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. ఫోన్ పెట్టేసి క్లాసుకు పోయిన.

తర్వాత సర్కారోళ్ళు వీధి వెడల్పు చేసే సంగతి చెప్తమని వీధోళ్ళను మీటింగుకు పిలిచిన్రు. ఒక హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, చేతికొక సమోస పొట్లం. జాగకు, గోడలకు పైసలు అందరికీ వస్తయ్, వ్యాపారం పోయేటోళ్ళకు మాత్రం కొత్త కాంప్లెక్సుల గది కూడ ఇస్తమని చెప్పిన్రు. బొమ్మల దుకాణమోళ్ళ పేర్లు చదివిన్రు, పూల కొట్టోళ్ళ పేర్లు చదివిన్రు. మా అక్క పేరు రాలే. అక్క లేచి నిలబడి, మా ఇంట్ల జనం దిగుతరు సార్, నా బతుకు దాంతోనే అన్నది. ముంగట కూసున్న ఆఫీసరు కాయితాలు తిప్పిండు. చెడ్డోడేం కాదు, పొద్దటి నుంచి ఎండల తిరిగి అలిసిన మనిషి.

"సర్వేలో వాళ్ళు బంధువులని ఉన్నది గదమ్మా. అట్ల ఎవరు రాయించిన్రు?"

నేను మూడో వరసల కూసున్న. అక్క ఒక్కసారి నా దిక్కు చెయ్యి చూపిస్తే చాలు. ఇగో వీడే, నేను పెంచిన తమ్ముడే రాసిండు అంటే చాలు. లేకుంటే నేనే లేచి చెప్పినా అయిపోయేది. నేను లేవలే. సంతకం తప్పని నలుగురి ముంగట ఒప్పుకుంటే ఉన్న కొలువు కూడ పోతదని భయం. అక్క నా దిక్కు తిరగనే లేదు. కొంగు సర్దుకున్నది.

"నేనే రాయించిన సార్" అని కూసున్నది.

నేను సమోస పొట్లం పట్టుకొని అట్లనే ఉన్న. సిగ్గులేనోన్ని. కంచే చేను మేస్తే చేనుకు ఎవరు దిక్కు?

ముందు రెండు గదులు, అరుగు పోయినయ్. గోడలు కూలగొట్టే మిషన్ వచ్చిననాడు అక్క మిగతా సామానంత నన్ను చూసుకోమని, అటక మీది తలంబ్రాల పొట్లాలు ఒక్కొక్కటే దించుకున్నది. వెనక మిగిలిన వంటిల్లు రోడ్డు మీదికి నోరు తెరిచింది, దాంట్ల మనిషి ఉండలేడు. ఖమ్మంల నా ఇంటికి తీసుకొచ్చిన. తీసుకొచ్చిన అని గొప్పగ అంటున్న గానీ, ఆమె వేరే దారి లేక వచ్చింది. ముగ్గురికి వండుడు ఆమె చెయ్యికి ఇప్పటికీ రాదు. రోజూ గిన్నెడు అన్నం మిగులుతది. ఆ మిగిలిన అన్నం చూస్తే నాకు ఏడుపొస్తది. నా భార్య ఏమనకుంట డబ్బాల పెడతది. నన్ను ఒక్కమాట అంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్న. అక్క కూడ అనలే.

ఆ తర్వాతి నవమికి పెనుబల్లి రైతు ఫోన్ చేసిండు, అక్కా వస్తున్నం అని. ఇల్లు లేదయ్యా, లాడ్జిల దిగున్రి అని చెప్పింది. ములకలపల్లి ఆడోళ్ళకు ఫోన్ చేసి చెప్పేటోళ్ళు లేరు. వాళ్ళు మామూలుగనే వచ్చి, కొత్త రోడ్డు నడుమ డివైడర్ మీద మూటలు పెట్టుకొని, ఇల్లు ఎటుపోయిందని అడిగిన్రట. పాత పక్కింటామె కనపడితే, అక్కకు ఇయ్యమని చీపుర్లు ఆమె చేతుల పెట్టి పోయిన్రట. ఆ చీపుర్లతోటి మా అపార్ట్‌మెంటు టైల్సు ఊడుస్తరు ఇప్పుడు.

నేను పర్మనెంట్ కాలే. అదే పేపరు, అదే గీత.

పోయిన నవమికి, కల్యాణం చూడాల్ననిపిస్తున్నదిరా అన్నది అక్క. బస్సుల పోయినం. వీధి వెడల్పుగ, ఎండకు తెల్లగ మెరుస్తున్నది. అక్క తన గడప ఎక్కడుండేదో అక్కడ ఒక నిమిషం ఆగి, మళ్ళ నడిచింది. మూల మీది కొత్త లాడ్జిల గది తీసుకున్నం. కౌంటర్ల ఆధార్ కార్డు అడిగిన్రు. అక్క ఇన్నేండ్లల్ల ఎవరినీ అడగని కార్డు. యజమాని ఏ ఊరాయన అని నేను అడిగితే కౌంటర్ల మనిషికే తెలవదు.

గుడి కింద ఒక అమ్మాయి ట్యాబు పట్టుకొని మమ్మల్ని ఆపింది. మెడల కార్డు వేలాడుతున్నది. సర్వే అమ్మా, రెండే నిమిషాలు అన్నది. లైను పెరుగుతది, జల్దీ పోదాం అక్కా అని ఆమె చెయ్యి పట్టి గుంజిన. అక్క నా చెయ్యి విడిపించుకొని నిలబడ్డది. ఎక్కడి నుంచి వచ్చిన్రంటే ఖమ్మం అన్నది. ఎవరెవరు వచ్చిన్రంటే నేను, మా తమ్ముడు అన్నది. ఎక్కడ ఉంటున్రని అడిగి, ఆ పిల్ల ముసలామెను చూసి పాపం తనే జవాబు అందించింది, చుట్టాల ఇంట్లనేనా అమ్మా అని.

"కాదు బిడ్డా. నాకు ఈ ఊర్ల చుట్టాలు లేరు. కిరాయి గదిల దిగినం. రశీదు కూడ ఉన్నది. తమ్మీ, చూపియ్యి."

రశీదు అవసరం లేదు, మీరు చెప్తే చాలు అన్నది ఆ అమ్మాయి.

"చెప్తే చాలదు బిడ్డా. చూసి రాయి. చుట్టాలని రాస్తే ఎవరిదో ఇల్లు పోతది."

ఆ పిల్ల అర్థంకాక నా దిక్కు చూసింది. నేను జేబుల నుంచి రశీదు తీసి చూపించిన.