తెరచాప అవతలి మాట

హిందూపురం నుంచి పెనుకొండకు పోతున్న మా బస్సు పక్కనే వేరుశనగ బస్తాల లారీ ఒకటి వస్తోంది. పైన కప్పిన టార్పాలిన్‌కు ఒక మూల తాడు ఊడి, గాలికి ఫటఫటా కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకు నా అరచేతులు వాటంతటవే బిగుసుకున్నాయి, తడి తాడు పట్టుకున్నట్టు. కిటికీ బయట ఎండిన చేలు. నాలుక మీద మాత్రం ఉప్పు రుచి. పోయిన వానాకాలంలో కన్నుమూసిన సరోజమ్మ టీచర్ కోసం ఈరోజు మా బడిలో సభ. నేను మాట్లాడాలట. నలుగురిలో నోరు తెరవలేని నన్నే ఎందుకు అడిగారంటే, ఆమెతో సముద్రం మీదికి వెళ్లిన శిష్యురాలిని నేనొక్కదాన్నే.

టీచర్ ధర్మవరం నేతవాళ్ల ఇంటి ఆడబిడ్డ. పెనుకొండలో మాకు భూగోళం చెప్పేది. బస్సు బడి మలుపులో ఆగాలంటే ఎవరో ఒకరు అడగాలి. ఇంకెవరూ దిగని రోజు నేను అడగలేక బస్టాండు దాకా పోయి, వెనక్కి నడిచి, ఆలస్యంగా బడికి చేరేదాన్ని. ఒకరోజు వెనక సీట్లో కూర్చున్న టీచర్ ఇదంతా చూసింది. తానూ మలుపులో దిగకుండా నాతోపాటే బస్టాండుకు వచ్చి, నాతోపాటే నడిచింది. “ఏం పాపా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోనుండావా?” అంది. అంతకు మించి తిట్టలేదు. ఆ ఎండలో దారి పొడుగునా అండమాన్ దీవుల కథలు చెప్పింది.

రిటైరయ్యాక ఆమె పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లి, అతని చిన్న తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. పటంలో కర్రతో చూపించి చూపించి విసుగొచ్చిందట. డిగ్రీ అయ్యాక నేను పుస్తకాలూ డైరీ పట్టుకుని ఇంట్లోనే ఉండిపోయానని తెలిసి ఫోన్ చేసి రమ్మంది. “బిందెలో నీళ్లకే జారిపడేదానివి, సముద్రంలో ఏం చేస్తావు మ్మే?” అంటూనే నాయన పంపించాడు.

ఆ రోజులు నాకు ఇప్పటికీ కల మాదిరే తోస్తాయి. దీవులు ముందు మబ్బుల్లా కనిపించేవి. దగ్గరికి పోయేకొద్దీ వాటికి చెట్లు మొలిచేవి. నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే, అడుగున ఇసుక మీద మా పడవ నీడ పెద్ద చేపలా వెంట వచ్చేది. గాలి పడిపోతే మధ్యాహ్నమంతా కదలకుండా తేలుతూ, జొన్నరొట్టెలు చెనిక్కాయల పొడితో తినేవాళ్లం. “మా ఇంట్లో రంగులేసిన పట్టు ఆరేస్తే ఇట్లే ఉంటాది,” అనేది టీచర్ నీళ్లను చూస్తూ.

పడవను గాలికి ఎదురు తిప్పడానికి ఒక పద్ధతి ఉంది. వెనక చుక్కాని పట్టినవాళ్లు “సిద్ధమా?” అని అడగాలి. ముందు తాడు పట్టినవాళ్లు “సిద్ధం” అని గట్టిగా పలకాలి. పలకకముందే తిప్పితే, తెరచాప కింది కొయ్య గిర్రున తిరిగి తలకు కొడుతుంది. మొదటిసారి ఆమె వెనకనుంచి అడిగినప్పుడు, ముందు తాడు పట్టుకున్న నేను తల ఊపాను. మా మధ్య తెరచాప అడ్డం. పడవ తిరగలేదు. మళ్లీ అడిగింది. నా గొణుగుడును గాలి ఎత్తుకుపోయింది. మేము ఆగాల్సిన దీవి పక్కనుంచి జారిపోయింది.

“దిగాల్సిన తావు దాటిపోయినాం పాపా! ఇంగ వెనక్కి నడవాల్సిందే!” తెరచాప అవతల నవ్వు. తర్వాత మెల్లగా అంది: “మగ్గంలో మా నాయనకు ఎదురుగా నేను కూచునేదాన్ని. నేను ‘ఊ’ అనందే ఆయన పోగున్న నాడెను నా పక్కకు వదిలేవాడు కాదు. నువ్వు తల ఊపితే నాకెట్ల తెలుస్తాది? నువ్వు పలక్కపోతే నేను ఈడ ఒంటిదాన్నే కదా.”

మౌనంగా ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదనే అప్పటిదాకా అనుకున్నాను. అవతలి మనిషిని అది ఒంటరిని చేస్తుందని నాకు తట్టనేలేదు.

ముందర నీలం నీళ్లు పచ్చగా, ఆపైన లేత పసుపుగా మారాయి. లోతు లేదు, అడుగున పడవను చీల్చే పగడపు రాళ్లు. “సిద్ధమా?” ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

“సిద్ధం!”

తెరచాప ఫటఫటా కొట్టుకుని, అటు తిరిగి, గాలి నింపుకుంది. రాళ్లు పక్కకు తప్పుకున్నాయి. “అబ్బ! ఇంత గొంతు యాడ దాచినావు మ్మే!” అంది టీచర్.

ఇప్పుడు కిటికీలోంచి పెనుకొండ కొండ కనిపిస్తోంది. బస్సులో ఎవరూ లేవడం లేదు. ఊరుకుంటే బస్టాండు దాకా పోవచ్చు. నేను వెనక్కి నడిచి వచ్చేసరికి సభ అయిపోతుంది. లారీ మమ్మల్ని దాటి ముందుకు పోయింది, దాని చప్పుడూ పోయింది.

“బడి మలుపులో ఆపండి!”

కండక్టర్ ఉలిక్కిపడ్డాడు. “ఏమ్మా, నాకేమన్నా చెవుడా? మెల్లగా చెప్పినా ఇనపడతాది.”

దిగాను. గేటు లోపల ఎవరో మైకు సరిచేస్తున్నారు. నా అరచేతులు ఇంకా తాడు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి.