మామ నడుము, నా కాలు

ఈరోజు పొద్దున కుప్పంలో, ఆఫీసుకు బయలుదేరుతూ బూటు లేసు కట్టుకోవడానికి వంగినవాణ్ని వంగినట్టే నడుము పట్టేసి బిగుసుకుపోయి, మెల్లగా నేలమీదికి జారి, పిక్కలు కుర్చీమీద ఆనించి వెల్లకిలా పడుకున్నాను. ఈ తీరులో ఇరవై నిమిషాలపాటు చేయగలిగిన పని ఒక్కటే, పాత కక్షలు నెమరువేసుకోవడం. చదువు ముగిసి ఉద్యోగం దొరికేలోపు బంధువుల దగ్గర చాకిరీ చేసిన నా ఈడువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

మదనపల్లెలో మెకానికల్ డిప్లొమా పూర్తయ్యాక ఎనిమిది నెలలు పుంగనూరులో మా మేనత్త మొగుడి పాలకేంద్రంలో ఉన్నాను. యంత్రాలు చూసుకోమని పిలిచిన మామ నాచేత మోయించింది నలభై లీటర్ల క్యాన్లు. ఒకనాడు క్యానుతో పక్కకు తిరగ్గానే నడుము పట్టేసి, గోడ పట్టుకుని నిలబడిపోయాను. పాలు పోయడానికి వచ్చిన సదుం వైపు రైతులందరి ముందూ మామ నవ్వాడు.

"సూడండప్పా, మా ఇంజనీరు నటిస్తాండాడు. ఎదురుకాళ్లతో పుట్టినోడు గదా, పనికీ ఎదురే!"

నేను తల్లి కడుపులోంచి కాళ్లు ముందుగా వచ్చినవాణ్ని. అలాంటివాళ్లు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. ఎవరి నడుమును వాళ్లు తన్నుకునే వీలు మాత్రం లేదు. ఆ రోజు మామ నన్ను కూర్చోనివ్వలేదు, ఇంకో పది క్యాన్లు మోయించాడు. మరునాడు బెంగళూరులో ఇంటర్వ్యూ ఉంటే, మంచంమీంచి లేవలేక పోగొట్టుకున్నాను. ఆ ఉద్యోగం డిప్లొమాలో నా బెంచీలో నా పక్కన కూర్చున్నవాడికి వచ్చింది.

తర్వాత మదనపల్లెలో ఫిజియోథెరపీ చేసే ఒకావిడ నాకు సంగతి విప్పి చెప్పింది. నొచ్చిన చోటు కదలకుండా కాపాడాలని కండరం తనంతట తాను బిగుసుకుంటుంది, ఆ బిగువుకు నొప్పి పుడుతుంది, నొప్పికి జడిసి ఇంకా బిగుసుకుంటుంది. మోకాళ్లు మడిచి పడుకోవడం, గుడ్డ చుట్టిన వేడినీళ్ల కాపడం, నిదానంగా ఊపిరి, వదులు కాగానే నాలుగడుగులు, రోజుల తరబడి మంచం పట్టకపోవడం. ఇవన్నీ నోటుబుక్కులో అంకెలు వేసి రాసుకున్నాను. కాలు మొద్దుబారినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి అన్నదాని కింద రెండు గీతలు గీశాను. అదే పుస్తకం వెనక పేజీలో మామ అన్న మాటలకూ అంకెలు వేశాను. పదిహేడు వచ్చాయి.

పద్దెనిమిదోది పడకముందే ఒక ఉదయం, జారిపడిన క్యాను మూత తీయబోయి మామ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. వరసలో ఆనాటి రైతులే, వాళ్ల పాలబిందెలే.

"ఎదురుకాళ్లోడు నీ ఇంట్లోనే ఉండాడు గదప్పా, ఒక తన్ను తన్నించుకో!" అన్నాడు వాళ్లలో ఒక ముసలాయన.

"తన్నరా అల్లుడా," అని మామ మూలిగాడు. "మొగమాట పడాకు, గట్టిగా తన్ను!"

చెప్పు విడిచాను. ఎనిమిది నెలల కసి కుడికాలిలోకి దిగింది. బిగుసుకున్న కండరంమీద దెబ్బ పడితే ఏమవుతుందో అక్కడ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తన్నాలనిపించిందీ అందుకే, తన్నలేకపోయిందీ అందుకే. కాలు ఎత్తినవాణ్ని ఎత్తినట్టే ఆపి అడిగాను.

"నటిస్తాండావా మామా?"

వరసలోని రైతులు బిందెలు దించి దగ్గరికి జరిగారు.

"లేదురా, నిజంగానే నొప్పి."

"నాదో?"

"నీదీ నిజమేరా నాయనా!" అని మామ అరిచాడు.

కాలి బొటనవేలిని మామ నడుముకు మూడుసార్లు ఊరికే తాకించాను. కాలు మొద్దుబారలేదని అడిగి తెలుసుకుని, గోనెసంచులమీద పడుకోబెట్టి, పిక్కల కింద టమోటా క్రేటు పెట్టి, కాపడం పెట్టాను. అరగంటకు లేచి నడిచాడు. అదంతా తన్ను మహిమేనని పుంగనూరంతా చాటాడు గానీ, నా ఇంటర్వ్యూ గురించి ఈనాటికీ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడక్కడ పాలను పంపులు మోస్తున్నాయి. ఎదురుకాళ్ల బిడ్డలను ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేసి తీస్తున్నారు, మా వంశంలో నా తర్వాత అలాంటి కాలు ఇంకొకటి పుట్టలేదు. నా నడుము పట్టేసిన సంగతి మా ఇంట్లోవాళ్లు చెబితే ఇందాకే మామ ఫోన్ చేసి, ఆడ ఎవురన్నా ఎదురుకాళ్లోడు ఉండాడేమో ఇచారించమన్నాడు. గొంతు ముసలిదైపోయింది, పాపమనిపించాల్సింది. కానీ ఆ రోజు వేయని తన్ను, కుర్చీమీద ఆనించిన ఈ కుడికాలిలో ఇంకా అలాగే ఉంది.