నేను చెరిపేసిన దిష్టిపోగు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది చదివి ఎవరూ నాకు తాయెత్తు కట్టించుకోమని సలహా ఇవ్వొద్దు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నేను హిందూపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేదాన్ని. ఇల్లు ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. డిజైన్లన్నీ మా అవ్వవి. అప్పటికే ఆమె చనిపోయింది. మా ఇంట్లో నేసే ప్రతి చీరకూ కొంగు మూలన దిష్టి తగలకుండా ఒక నల్ల పోగు వేయించేది. నువ్వుగింజంత మచ్చలా కనబడేది. అది మా ఇంటి అలవాటు, ఇంకెవరి చీరల్లోనూ నేను చూడలేదు.

బెంగళూరు నుంచి పెద్ద చీరల షాపువాళ్లు కొత్త డిజైన్లు చూడ్డానికి పెనుకొండకు వస్తున్నారని తెలిసింది. పేర్లు లేకుండా బొమ్మలు మాత్రమే స్లైడ్లుగా తెమ్మన్నారు. ఆ ఆర్డరు రాకపోతే మగ్గం విప్పేసి వాచ్‌మన్‌గా పోతానన్నాడు నాయన.

చీరలు ఫొటోలు తీసి మా సెంటర్ కంప్యూటర్లోనే స్లైడ్లు చేశాను. మచ్చ చూసి డ్యామేజీ అనుకుంటారని ప్రతి బొమ్మలోనూ చెరిపేశాను. నాయనకు నచ్చలేదు.

"అవ్వ గుర్తు తీసేస్తివేమే?"

"కంప్యూటర్లో చీరకు దిష్టి యాడ తగుల్తాది నాయనా!"

తర్వాత ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టాను. ఎవరైనా చూడొచ్చు, మార్చాలంటే మాత్రం పాస్‌వర్డ్ కొట్టాలి. అది నాయనకు కూడా చెప్పలేదు. చూడ్డానికి కూడా తాళం వేస్తే పెనుకొండలో ఇబ్బందని అది వేయలేదు. అదే కొంప ముంచింది.

పెనుకొండలో మాకంటే ముందు ఒక వ్యాపారి వంతు వచ్చింది. మా సెంటర్‌కు అప్పుడప్పుడూ వచ్చే మనిషే. సీడీ పెట్టగానే తెరమీద మా చీరలు! నా ఫైలే. లేచి అరిచాను.

"ఇవి మావి! మా అవ్వ డిజైన్లు!"

"నీవని యాడ రాసుండాదమ్మా?" అని నవ్వాడతను.

"ఆ ఫైలు మార్చి చూపించప్పా, చూద్దాం! పాస్‌వర్డ్ నా దగ్గరుండాది" అని పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే. అందరూ నన్నే చూస్తున్నారు. ఏడుపొచ్చింది.

చివరికి పాస్‌వర్డ్ లేకుండానే, ఊరికే చూడ్డానికి తెరిచాను. దగ్గర్నుంచి చూస్తే అప్పుడు కనబడింది, కొంగు మూలన నల్ల మచ్చ. తర్వాతి స్లైడులోనూ ఉంది. అన్నిటిలోనూ ఉంది.

"ఈ నల్లది ఏందప్పా?" అని ఆ వ్యాపారిని నిలదీశాను.

"ఫొటో సరిగ్గా రాలేదులేమ్మా" అన్నాడు.

నాయన సంచిలోంచి అవ్వ చీర తీసి కొంగు పరిచాడు. అదే మూల, అదే పోగు. షాపువాళ్లు తెరనూ చీరనూ మార్చి మార్చి చూశారు. వ్యాపారి సీడీ కూడా తీసుకోకుండా జారుకున్నాడు. ఆర్డరు మాకే ఇచ్చారు.

ఆ సాయంత్రమే నాయనా నేనూ హిందూపురం పోయి సెంటర్లో నా ఫైలు తెరిచాం. నా పాస్‌వర్డ్ ఠక్కున పడింది. కొంగులన్నీ నేను చెరిపినట్టే శుభ్రంగా ఉన్నాయి. వ్యాపారి వదిలిపోతే మేం తెచ్చుకున్న సీడీలో మాత్రం మచ్చలున్నాయి, నా పాస్‌వర్డ్ పడదు.

ఆ వ్యాపారే మార్చుంటాడంటారు. ఏం, దొంగకు పిచ్చా, తనను పట్టించే గుర్తు తనే పెట్టుకోడానికి? నువ్వే చెరపడం మరిచిపోయావంటారు. నా ఫైలు చూపిస్తా, రండి! అవ్వే వచ్చిందంటారు. మా అవ్వకు టీవీ రిమోటే చేతకాదు, పాస్‌వర్డ్ మారుస్తుందా? నేను నమ్మను గాక నమ్మను. కానీ ఎవరు చేశారో, ఎట్లా చేశారో నాకు ఈరోజుకూ తెలియదు.

ఆ సాయంత్రం సెంటర్లోనే కూర్చుని, నా ఫైల్లో ప్రతి కొంగుకూ మచ్చ నా చేత్తో నేనే మళ్లీ పెట్టాను. నాయన చివరి స్లైడు దాకా నిలబడే చూశాడు.

"ఇప్పుడెయ్యి తాళం" అన్నాడు.